టెస్టులో ముందు, ఇంటర్వ్యూలో వెనక: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కేస్ స్టడీ

ఇది గచ్చిబౌలి వైపు ఉన్న ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీలో జరిగిన పని. హెచ్‌ఆర్ కన్సల్టెంటుగా నేను బయటి నుంచి వెళ్లాను. కంపెనీ పేరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

వాళ్లు అడిగింది చిన్న పనే. "మేనేజర్లందరికీ అన్‌కాన్షస్ బయాస్ మీద ఒకరోజు ట్రైనింగ్ ఇవ్వండి మేడమ్, చివర్లో సర్టిఫికెట్లు ఇద్దాం" అన్నారు. అంటే మనకు తెలియకుండానే మనసులో ఉండే పక్షపాతం గురించి. దానికి రెండు కారణాలున్నాయి. కాంట్రాక్టు రెన్యువల్‌కి ముందు అమెరికా క్లయింటు పంపిన ప్రశ్నల్లో ఉద్యోగుల వైవిధ్యం గురించి ఒక పేజీ ఉంది. రెండోది అంతకంటే పెద్దది. మానేసి వెళ్లేవాళ్ల ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో ఒకే రకం మాట మళ్లీ మళ్లీ వస్తోంది: "ఇక్కడ వాళ్ల బ్యాచ్‌లో ఉంటేనే పైకొస్తాం." ఆ 'వాళ్లు' ఎవరన్నది ఒక్కొక్కరికీ ఒక్కో రకం. ఒకరికి ఒక కులం, ఒకరికి ఒక జిల్లా, ఇంకొకరికి ఒక కాలేజీ. తెలుగు రానివాళ్లకైతే మొత్తం తెలుగువాళ్లు.

క్లయింటు ఆ పేజీ పంపడానికి నేపథ్యం ఉంది. ఒక దళిత ఇంజనీరు పట్ల కులవివక్ష చూపారంటూ 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం సిస్కో అనే టెక్ కంపెనీ మీద కేసు వేసింది. ఆరోపణలు ఎదుర్కొన్న ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023లో ఆ విభాగమే విరమించుకుంది, కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే పాస్ చేస్తే, గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరులో వీటో చేశారు. అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిన క్లయింట్లకు, హైదరాబాద్ ఆఫీసులో పడిన అలవాటు విమానమెక్కి తమ దగ్గరికి వస్తుందేమోనన్న భయం ఉంటుంది. ఆ భయం సబబే.

ఒకరోజు ట్రైనింగ్‌కి నేను వెంటనే ఒప్పుకోలేదు. 2018లో ఫిలడెల్ఫియాలోని ఒక స్టార్‌బక్స్ కాఫీ షాపులో కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకుల్ని పోలీసులు అరెస్టు చేశారు. దాని తర్వాత ఆ కంపెనీ మే 29 మధ్యాహ్నం అమెరికాలో 8,000కు పైగా షాపులు మూసేసి సిబ్బందికి ఇలాంటి ట్రైనింగే ఇచ్చింది. అప్పటినుంచి అన్ని కంపెనీలకూ ఇదొక నమూనా అయిపోయింది. కానీ ఇలాంటి ట్రైనింగుల వల్ల నిజంగా ఏం మారుతుందో కొలిచి చూసినవాళ్లు అంతకు చాలా ముందే ఉన్నారు. అలెగ్జాండ్రా కాలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ అనే సోషియాలజిస్టులు అమెరికాలోని 708 ప్రైవేటు సంస్థల మూడు దశాబ్దాల లెక్కలు తీసి 2006లో ప్రచురించారు. మేనేజర్ స్థాయిలోకి మహిళలు, నల్లజాతివాళ్లు రావడానికి ట్రైనింగుల వల్ల ఒరిగింది చాలా తక్కువని అందులో తేలింది. ఫలానా పని ఫలానా వాళ్ల బాధ్యత అని అప్పజెప్పి, జవాబు అడిగిన చోట మాత్రం ఫలితం కనిపించింది.

నేను చూసింది కూడా అదే. క్లాసులో అందరూ తలూపుతారు, నిజాయితీగానే ఊపుతారు. మర్నాడు ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చునేసరికి చేతిలో పాత ఫారమే ఉంటుంది, ఆరుగురిని చూసి సాయంత్రంలోగా తేల్చేయాలన్న పాత తొందరే ఉంటుంది. అందుకని ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు కాగితాలు చూపించండి అన్నాను. హైరింగ్ ఫీడ్‌బ్యాక్ ఫారాలు, ఏడాది పనితీరు మీద రాసే అప్రైజల్ రిపోర్టులు, ఆన్‌సైట్‌కి, అంటే విదేశంలో క్లయింటు దగ్గర పనికి, ఎవరిని పంపారో ఆ లిస్టులు. హెచ్‌ఆర్ హెడ్ కాస్త ఇబ్బంది పడ్డా, తెప్పించి ఇచ్చారు.

రెండు ఫారాలు

ఆ కట్టలో రెండు ఫారాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది. రెండూ ఒకే ఉద్యోగానికి: ఆటోమేషన్ టెస్టింగ్, ఫ్రెషర్. అంటే స్క్రిప్టులు రాసి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు (బగ్స్) పట్టే పని, కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు.

మొదటి అబ్బాయిది పలాస దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఊళ్లో ప్రభుత్వ బడి. తర్వాత ట్రిపుల్ ఐటీ. అంటే మనవాళ్లు అలా పిలుచుకునే ఆర్‌జీయూకేటీ. పల్లెటూరి పిల్లల కోసమని 2008లో పెట్టిన ఆ యూనివర్సిటీ పదో తరగతి మార్కుల మీద సీటిస్తుంది, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు కొంత వెయిటేజీ కలుపుతుంది. ఈ అబ్బాయి ఆన్‌లైన్ కోడింగ్ టెస్టులో ఆ బ్యాచ్ మొత్తానికి పైవరసలో ఉన్నాడు. ప్యానెల్ ఫారంలో మాత్రం రెండే ముక్కలు: "కమ్యూనికేషన్ వీక్. నాట్ క్లయింట్ రెడీ." రిజెక్ట్.

రెండో అబ్బాయి హైదరాబాద్‌లో పుట్టి పెరిగాడు. పేరున్న స్కూలు, ఇంగ్లీషు ధారాళంగా వస్తుంది. టెస్టులో కటాఫ్ దాటాడు, అంతే. ఫారంలో: "కాన్ఫిడెంట్. గుడ్ ఆటిట్యూడ్. కోడింగ్ నేర్పించుకోవచ్చు." సెలెక్ట్.

రెండు ఫారాల మీదా సంతకం ఒకే ప్యానెల్ లీడ్‌ది. ఆయన్ని కలిశాను. చెడ్డమనిషి కాదు, టీమ్‌లో జూనియర్లకు చాలా సాయం చేస్తాడని పేరు. "మేడమ్, ఆ అబ్బాయి ప్రతి ప్రశ్నకీ చాలాసేపు ఆలోచించి గానీ నోరు తెరవట్లేదు. ప్రతి వాక్యానికీ సార్ సార్ అంటున్నాడు. రేపు క్లయింట్ కాల్లో అలా ఉంటే ఎలా?" అన్నాడు. ఇద్దరం కలిసి జాబ్ డిస్క్రిప్షన్ తెరిచి చూశాం. మొదటి ఏడాది క్లయింట్‌తో మాట్లాడే పని అన్న ఊసే అందులో లేదు. టెస్ట్ స్క్రిప్టులు రాయడం, బగ్స్ పట్టుకోవడం, రిపోర్టు చేయడం. ఇదే ఉంది.

ఆయన గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాడు, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. పైవాడు వచ్చి కిందివాడిని తొక్కేశాడని మనం అనుకుంటాం కానీ, చాలాసార్లు అదే దారిన నడిచొచ్చినవాళ్లే ఎక్కువ కఠినంగా ఉంటారు. తన ఇంగ్లీషు కోసం పడ్డ పాట్లు, మొదటి ఉద్యోగంలో పడ్డ అవమానాలు ఆయనకు గుర్తున్నాయి. ఎదురుగా కూర్చున్న పిల్లాడిలో తన పాత రూపం కనబడితే జాలి కంటే ముందు టెన్షన్ వస్తుంది. క్లయింటు ముందు టీమ్ పరువు పోతుందని. ఈ సంగతి ఆయనే నాతో చెప్పాడు. అందుకే ఇది మంచివాళ్లు, చెడ్డవాళ్ల గొడవ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు కీలకం వేరే చోట ఉంది. మొదటి అబ్బాయికి కోడింగ్ వచ్చు, మాట రాదు: మాట ముఖ్యమని తేల్చారు. రెండో అబ్బాయికి మాట వచ్చు, కోడింగ్ అంతంత మాత్రం: కోడింగ్ నేర్పించుకోవచ్చన్నారు. ఏది ముఖ్యమో ముందు అనుకుని మనిషిని ఎంచలేదు. మనిషి నచ్చాక, అతనిలో ఉన్నదే ముఖ్యమనుకున్నారు. దీన్ని ఎరిక్ ఉల్‌మన్, జెఫ్రీ కోహెన్ 2005లో ప్రయోగం చేసి చూపించారు. పోలీస్ చీఫ్ ఉద్యోగానికి ఒక మగ అభ్యర్థి, ఒక ఆడ అభ్యర్థి. ఒకరికి వీధుల్లో పనిచేసిన అనుభవం, ఇంకొకరికి పెద్ద చదువు. ఏది మగవాడికి ఉంటే అదే ఆ ఉద్యోగానికి ముఖ్యమని జనం చెప్పారు. అలా చెప్పినవాళ్లు తాము చాలా నిష్పక్షపాతంగా ఉన్నామనే నమ్మారు. అభ్యర్థుల వివరాలు చూడకముందే ఏది ముఖ్యమో చెప్పించి ఖాయం చేస్తే, ఆ తేడా పోయింది. ఈ కంపెనీలో నేను చేసిన మార్పులకు మూలం ఈ ఒక్క ప్రయోగమే అనుకోవచ్చు.

"ఏ ఊరు మీది?"

ఇంటర్వ్యూలు కొన్ని నేను పక్కన కూర్చుని విన్నాను. దాదాపు ప్రతి తెలుగు అభ్యర్థినీ మొదట అడిగేవి మూడు: ఏ ఊరు, మీ పూర్తి పేరు ఏంటి, నాన్నగారు ఏం చేస్తారు. దురుద్దేశంతో కాదు. పిల్లలు భయపడుతుంటారు కదా, కాస్త ఫ్రీ చేద్దామని. మన దగ్గర పలకరింపంటే అదే. రైల్లో ఎదుటి సీటువాళ్లను కూడా మనం అలాగే అడుగుతాం.

కానీ ఇంటర్వ్యూ గదిలో ఆ జవాబులు ఊరికే పోవు. ఊరు చెబితే మండలం, మండలం చెబితే ఏ సామాజికవర్గం ఎక్కువో మనవాళ్లకు కంఠతా వచ్చు. ఇంటిపేరు చెబితే మిగతాది తేలిపోతుంది. నాన్నగారు టీచరనో, రైతనో చెప్పే పిల్లాడికి ఆ ప్రశ్న ఊరట. కూలికి వెళ్తారని చెప్పాల్సిన పిల్లాడికి, తండ్రి లేని పిల్లకి, చర్చి పేరు ఒకటి సర్టిఫికెట్ పేరు ఒకటి ఉన్నవాడికి అది ఇంటర్వ్యూలోకెల్లా కష్టమైన ప్రశ్న. అక్కడ తడబడితే ఆ తర్వాత టెక్నికల్ ప్రశ్నల్లోనూ గొంతు సర్దుకోదు. ఒక అమ్మాయి విషయంలో అది నా కళ్లముందే జరిగింది.

మన దేశంలో దీని మీద పరిశోధన ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ప్రైవేటు కంపెనీల పత్రికా ప్రకటనలు 548 తీసుకుని, దరఖాస్తులు 4,808 పంపించారు. పోల్చి చూసినవాటిలో అర్హతలు ఒకటే, పేర్లు మాత్రమే వేరు. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఫలితాలు వచ్చాయి. పిలుపు వచ్చే అవకాశాన్ని గణాంకాల్లో ఆడ్స్ అనే లెక్కలో కొలుస్తారు, ఆ లెక్కలో అగ్రకుల హిందూ పేరును 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 వచ్చింది. అదే పత్రికలో అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసం వచ్చింది. అందరూ ప్రతిభే చూస్తామన్నారు, అందరూ కుటుంబ నేపథ్యం అడుగుతామని కూడా అన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని వాళ్లకు అనిపించలేదు. నేను ఈ వ్యాసం సారాంశం ప్యానెల్ సభ్యులకు చెప్పినప్పుడు, ట్రైనింగ్ స్లైడ్లకు రాని కదలిక వచ్చింది. అది తమ గురించేనని వాళ్లకు తెలిసిపోయింది.

మార్చినవి

మొదట, రెజ్యూమేలు తెరవకముందే ఆ ఉద్యోగానికి ఏం కావాలో, దేనికి ఎంత వెయిటేజీయో హైరింగ్ మేనేజర్ రాసి హెచ్‌ఆర్‌కి పంపాలి. పంపాక మార్చకూడదు. వినడానికి చిన్న విషయం. కానీ ఎక్కువ వ్యతిరేకత దీనికే వచ్చింది. "మనిషిని చూశాక కదా తెలిసేది" అన్నారు. మనిషిని చూశాక తెలిసేదాన్ని ఆపడానికే ఇది అని నేను చెప్పాను.

తర్వాత, ఆ పనికి ఏ రకం కమ్యూనికేషన్ కావాలో దాన్నే పరీక్షించడం. టెస్టింగ్ ఉద్యోగంలో మాట్లాడే ఇంగ్లీషు కంటే బగ్ రిపోర్టు రాయడం వందరెట్లు ముఖ్యం. అందుకని ఒక లాగిన్ పేజీని కావాలని చెడగొట్టి అభ్యర్థి ముందు పెట్టాం. తప్పు పాస్‌వర్డ్ కొడితే ఎర్రర్ మెసేజ్ రావాలి, దాని బదులు తెల్లటి ఖాళీ తెర వస్తుంది. అదీ రెండోసారి కొట్టినప్పుడే. అభ్యర్థి ఆ సంగతి కనిపెట్టి మూడు విషయాలు రాయాలి: నేను ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది. ఆ కాగితం చదివి, గదిలో లేని ఇంకొక డెవలపర్ ఆ తప్పును తన కంప్యూటర్లో మళ్లీ రప్పించగలిగితే అభ్యర్థికి మార్కులు. గ్రామర్‌కి మార్కుల్లేవు.

ఈ పరీక్షలో జరిగింది చూసి ప్యానెల్ సభ్యులే ఆశ్చర్యపోయారు. ధారాళంగా మాట్లాడినవాళ్లలో కొందరు "లాగిన్ నాట్ వర్కింగ్ ప్రాపర్లీ" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మాట్లాడటానికి తడుముకున్నవాళ్లలో కొందరు రెండోసారికే వస్తోందన్న సంగతితో సహా వరసగా, చిన్న చిన్న వాక్యాల్లో రాశారు. అందరూ అలా రాశారని కాదు. కానీ నోటి వేగానికీ పని స్పష్టతకీ ముడిపెట్టకూడదని చెప్పడానికి ఇక నేను అక్కర్లేకపోయింది.

ప్రశ్నలు అందరికీ ఒకే వరసలో అడగాలని, మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు వేసి పంపేయాలని కూడా పెట్టాం. ఈ రెండోది లేకపోతే సీనియర్ ఏమంటే అదే అందరి మార్కు. మన ఆఫీసుల్లో సీనియర్‌ని అన్నా అని పిలుస్తాం, ఆ గౌరవం మీద ఎదురు చెప్పడం కష్టం. ముందే మార్కు పంపేస్తే ఎదురు చెప్పాల్సిన అవసరం రాదు. రిజెక్ట్ చేసేటప్పుడు "వీక్", "ఆటిట్యూడ్", "కల్చర్ ఫిట్" లాంటి ముద్రలు సరిపోవు. అభ్యర్థి ఏం అన్నాడో, ఏం రాశాడో చూపించే ఒక వాక్యం ఉండాలి. ఊరు, ఇంటిపేరు, తండ్రి ఉద్యోగం, పెళ్లి గురించి అడగకూడదు. పలకరింపుకి ఆ రోజు ఇంటర్వ్యూ ఎలా జరుగుతుందో, ఎవరెవరు ఉంటారో వివరంగా చెప్పమన్నాం. భయం తగ్గించడానికి దానికి మించింది లేదు.

షార్ట్‌లిస్టు దశలో పేర్లు, ఫొటోలు, సొంతూరు, చదువుకున్న మీడియం కనబడకుండా చేశాం. దీని మీద మాత్రం నాకు పెద్ద ఆశల్లేవు. ఈమెయిల్ ఐడీలో కులం తోక ఉంటుంది. కాలేజీ పేరు బట్టి జిల్లా తెలుస్తుంది. ఒక మేనేజర్ ప్రాజెక్టు పేరు పట్టుకుని లింక్డ్‌ఇన్‌లో మనిషిని వెతికేశాడు. పైగా ఇంటర్వ్యూ గదిలోకి వచ్చాక దాచేదేముంది? పేర్లు దాచడం అనేది పత్రికలకు నచ్చే చిట్కా. పని చేసేది స్కోరింగ్ పద్ధతి.

చట్టం సంగతి కూడా మేనేజ్‌మెంట్ అడిగింది. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించింది. ప్రైవేటు ఉద్యోగంలో కులం, మతం, ప్రాంతం పేరుతో జరిగే వివక్షకు అన్నిటినీ కలిపి అడ్డుకునే చట్టం మనకు లేదు. వికలాంగుల విషయంలో మాత్రం 2016 చట్టం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంటుంది. వీళ్ల దగ్గర అది కూడా లేదు. చట్టం అడగకపోయినా ఆ విధానంలోనే కులం, మతం, ప్రాంతం, భాష చేర్చి, నోటీసు బోర్డులో పెట్టించాం.

స్టాండప్‌లో ఆ రెండు నిమిషాలు

హైరింగ్ తలుపు దగ్గరి సంగతి. లోపలికొచ్చాక ఏం జరుగుతోందో అప్రైజల్ ఫారాల్లో కనిపించింది. తెలుగు రాని ఉద్యోగుల ఫారాల్లో ఒక వ్యాఖ్య అచ్చుగుద్దినట్టు రిపీట్ అవుతోంది: "చొరవ తక్కువ. మీటింగుల్లో మాట్లాడరు." అందులో ఒకరు మణిపూర్ నుంచి వచ్చిన అమ్మాయి, పనిలో దిట్ట. ఆమె టీమ్ స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న మీటింగ్‌లో, కూర్చున్నాను.

మీటింగ్ ఇంగ్లీషులోనే మొదలైంది. నిన్న ఏం చేశాం, ఈరోజు ఏం చేస్తాం, అంతా సజావుగా నడిచింది. రిలీజ్ డేట్ దగ్గరికి వచ్చేసరికి గొడవ వచ్చింది. అక్కడ భాష మారిపోయింది. "అది కాదు బ్రో, ఆ మాడ్యూల్ ఇప్పుడు ముట్టుకుంటే మొత్తం పోద్ది", "సర్లే, దాన్ని నెక్స్ట్ స్ప్రింట్‌లో చూద్దాంలే", "అయితే టెస్టింగ్ కూడా ఆపేద్దామా?", "ఆపేయ్." రెండు నిమిషాలు. మళ్లీ ఇంగ్లీషు. ఆపేసిన టెస్టింగ్ ఆ అమ్మాయిదే. వాళ్లు మాట్లాడినంతసేపూ ఆమె ల్యాప్‌టాప్ వైపు చూస్తూ కూర్చుంది. తన పని ఆగిపోయిందని మధ్యాహ్నం మెయిల్ చూశాక తెలిసింది. ఏడాది చివర ఆమెకు చొరవ లేదని రాస్తారు.

ఎవరూ ఆమెను పక్కన పెట్టాలనుకోలేదు. కోపం, కంగారు, అసలు సంగతి ఇవన్నీ సొంత భాషలో వస్తాయి, అది సహజం. కానీ అసలు నిర్ణయాలు జరిగేది కూడా సరిగ్గా ఆ కంగారులోనే.

మీటింగుల్లో తెలుగు నిషేధిద్దామని ఒక డైరెక్టర్ అన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. "మన ఊళ్లో మన భాష మాట్లాడకూడదా?" అని టీమ్ అడిగితే అది న్యాయమైన ప్రశ్న. పైగా పై అంతస్తులోనే ఇంకో టీమ్ ఉంది. అక్కడ మేనేజరు, సగంమంది ఉత్తరాదివాళ్లు, అంతా హిందీ. అక్కడ నోరు మెదపనిది మన కాకినాడ కుర్రాడు, అతని ఫారంలోనూ "మాట్లాడడు" అనే ఉంది. అంటే భాషకీ దీనికీ సంబంధం లేదు. గదిలో ఎవరు ఎక్కువమంది ఉన్నారన్నదే లెక్క. చేసింది ఇది: ఏ భాషలోనైనా వాదించుకోండి, నిర్ణయం మాత్రం అందరికీ తెలిసిన భాషలో మళ్లీ చెప్పి, కారణంతో సహా టీమ్ ఛానెల్లో రాయాలి. రాసే పని రోజుకొకరిది, వంతుల ప్రకారం. ఆ నిర్ణయం ఎవరి పనిని తాకుతుందో వాళ్లను అడగకుండా మీటింగ్ ముగించకూడదు. వంతు తనది వచ్చిన రోజున ఆ అమ్మాయి "ఆగండి, ఇప్పుడు ఏం తేలింది?" అని అడగడం మొదలుపెట్టింది. రాయాల్సింది తనే కాబట్టి అది అడిగే హక్కు ఆమెకు వచ్చింది.

తెలుగువాళ్ల మధ్య యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక సీనియర్ డెవలపర్ మాట్లాడిన ప్రతిసారీ ఆయన మాటని సినిమా ఫక్కీలో అనుకరించడం టీమ్‌కి సరదా. దశాబ్దాల పాటు మన సినిమాల్లో తెలంగాణ యాస రౌడీలకూ కమెడియన్లకూ ఇచ్చారు, శ్రీకాకుళం యాస పనివాళ్లకు ఇచ్చారు. ఆ మరకే ఇది. ఆయనా నవ్వేవాడు. నాతో విడిగా మాట్లాడినప్పుడు మాత్రం, ప్రెజెంటేషన్ ఇవ్వమంటే అందుకే తప్పించుకుంటున్నానని చెప్పాడు. దీనికి పాలసీ అక్కర్లేదు. టీమ్ లీడ్ ఒకసారి "ఇక చాలు, ఆపండి" అని అందరి ముందూ అంటే ఆగింది.

పండగల విషయంలో పెద్దగా చిక్కు రాలేదు. రిలీజ్ తేదీలు వేసేటప్పుడు సంక్రాంతి, దసరా చూస్తారు గానీ రంజాన్, క్రిస్మస్ చూడటం లేదు. రంజాన్ నెలలో తన దగ్గర పనిచేసే ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లేలా తెలంగాణ ప్రభుత్వం వెసులుబాటు ఇస్తూ వస్తోంది, ఇక్కడ అడగడానికే మొహమాటపడుతున్నారు. క్యాలెండర్ మార్చాం, ఐచ్ఛిక సెలవులు పెంచాం. అయిపోయింది.

ఇబ్బంది పెట్టడం ఎందుకని

ఆన్‌సైట్ లిస్టుల్లో పెళ్లయిన ఆడవాళ్లు దాదాపు కనిపించలేదు. మేనేజర్లను అడిగితే వచ్చిన జవాబులన్నీ ఆప్యాయంగానే ఉన్నాయి. "ఆవిడకు చిన్న బాబు ఉన్నాడు మేడమ్, ఎందుకు ఇబ్బంది పెట్టడం?" "వాళ్ల అత్తగారికి బాగోలేదట." ఎవరూ వాళ్లను అడగలేదు. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలైంది. సెలవు హక్కుగా వచ్చింది గానీ, తిరిగొచ్చిన ఆమెకు మంచి ప్రాజెక్టు రావడం మేనేజర్ మనసు మీదే ఆధారపడి ఉంది. నాకు ఈ కేసులో ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. పగతో చేస్తే పోట్లాడొచ్చు. ప్రేమతో చేస్తే, నష్టపోయిన మనిషికి నష్టం జరిగిందని కూడా తెలియదు.

అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ అవకాశం మెయిల్‌లో రావాలి, వద్దనడం వాళ్ల చేత్తో వాళ్లే రాయాలి అని రూల్ పెట్టాం. కొందరు వద్దన్నారు. కొందరు వెళ్లారు. ఒకావిడ బాబును, అమ్మను వెంటబెట్టుకుని డాలస్ వెళ్లింది.

ఫలితాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. టెస్టులో పైవరసలో ఉండి ఇంటర్వ్యూలో పోయేవాళ్లు బాగా తగ్గారు. జిల్లా కాలేజీల నుంచి వచ్చే ఫ్రెషర్లు స్పష్టంగా పెరిగారు. హైరింగ్‌కి ముందుకంటే ఎక్కువ టైమ్ పడుతోందన్నది మేనేజర్ల ఫిర్యాదు, అది నిజం. డెలివరీ ఒత్తిడి ఉన్న నెలల్లో కొన్ని ప్యానెళ్లు స్కోర్లు ముందు వేయకుండా, మాట్లాడుకున్నాక కూర్చుని నింపేస్తున్నాయి. స్కోరు ఎప్పుడు ఎక్కిందో చూపించే టైమ్ స్టాంపులు చూస్తే దొరికిపోయింది. హెచ్‌ఆర్‌లో ఒకరికి నెలనెలా ఆ టైమ్ స్టాంపులు చూసి డైరెక్టర్‌కు చెప్పే బాధ్యత పెట్టాక దారిలోకొచ్చాయి. నన్ను మొదట అడిగిన ట్రైనింగ్ కూడా ఇచ్చాం. కానీ అందరికీ కాదు, ప్యానెల్లో కూర్చునేవాళ్లకే. స్లైడ్లు లేకుండా, వాళ్లు రాసిన పాత ఫారాలే పేర్లు తీసేసి చదివించి.

రిఫరల్స్

తేలనిది ఇదొక్కటే. కొత్తగా చేరేవాళ్లలో పెద్ద వాటా రిఫరల్స్ ద్వారా, అంటే ఇప్పటికే పనిచేసేవాళ్ల సిఫార్సు మీద, వస్తోంది. తెచ్చినవాళ్లకు బోనస్. కంపెనీకి ఖర్చు తక్కువ, మనిషి త్వరగా దొరుకుతాడు, త్వరగా మానడు. కానీ మనం ఎవర్ని రిఫర్ చేస్తాం? హాస్టల్ రూమ్మేట్‌ని, అమీర్‌పేట కోచింగ్‌లో పక్కన కూర్చున్నవాడిని, ఊరివాడిని, బావమరిదిని. మన స్నేహాలు, చుట్టరికాలు ఎలా అల్లుకుని ఉంటాయో తెలిసిందే. తలుపు దగ్గర ఎంత మంచి స్కోర్‌షీట్ పెట్టినా, ఆ తలుపు దాకా వచ్చేదే ఒకే రకం మనుషులైతే ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో ఆ "వాళ్ల బ్యాచ్" మాట పోదు.

కొంత చేశాం. రిఫరల్ మీద వచ్చినవాళ్లూ అదే టెస్టు రాయాలి. రిఫర్ చేసినవాళ్లు ప్యానెల్లో ఉండకూడదు, ప్యానెల్‌కి ఫోన్ చేయకూడదు, చేస్తే బోనస్ పోతుంది. రిఫరల్స్ వాటాకు ఒక పరిమితి పెట్టమని నేను అడిగాను. డెలివరీ హెడ్ ఒప్పుకోలేదు. ప్రాజెక్టు వచ్చి పడ్డాక మనిషి కోసం నెలలు ఆగలేమన్నది ఆయన వాదన, అందులో బలం ఉంది. చివరికి మధ్యేమార్గంగా శ్రీకాకుళం, ఆదిలాబాద్, కర్నూలు వైపు కాలేజీల్లో నేరుగా టెస్టు పెట్టి, ప్రాజెక్టు రాకముందే పాసైనవాళ్ల లిస్టు సిద్ధంగా ఉంచుకోవడానికి బడ్జెట్ ఇచ్చారు. ఆ లిస్టు నుంచి మనిషి వారంలో దొరికితే రిఫరల్ బోనస్ తగ్గించడానికి డెలివరీ హెడ్ మాట ఇచ్చారు. మొదటి బ్యాచ్ టెస్టు రాసింది, ఆఫర్లు ఇంకా వెళ్లాల్సి ఉంది.